గల్ఫ్‌లో ఉన్నవాళ్ళ కాగితాల సంగతి ఇంట్లోవాళ్ళని ఎలా అడగాలి? (కవిటి, సోంపేట వైపు సర్వే)

ఉద్దానం_అమ్మాయి (కవిటి)

అందరికీ నమస్కారం. నేను రీసెర్చ్ స్కాలర్‌ని. మా ఊరు కవిటి మండలంలోనే. గల్ఫ్‌కి వెళ్ళినవాళ్ళ కుటుంబాల మీద సర్వే చేస్తున్నాను, మొత్తం 240 ఇళ్ళు అనుకున్నాను. ఏజెంట్‌కి ఎంత కట్టారు, ఎవరి దగ్గర వడ్డీకి తెచ్చారు, నెలకి ఎంత పంపుతున్నాడు, ఇవన్నీ అడిగితే చెప్తున్నారు. కొందరైతే అడక్కుండానే చెప్తున్నారు. ఒక్క ప్రశ్న దగ్గరే బండి ఆగిపోతోంది.

"మీవాడి వీసా, కాగితాలు అన్నీ సరిగ్గా ఉన్నాయా?"

ట్రయల్‌గా 20 ఇళ్ళు తిరిగాను. 20 ఇళ్ళలోనూ "అన్నీ బాగానే ఉన్నాయమ్మా" అనే చెప్పారు. వాటిలో రెండిళ్ళు మా చుట్టాలవి. ఆ ఇద్దరి సంగతీ నాకు తెలుసు, బాగాలేదు. మిగతా 18 ఇళ్ళ మాట ఎలా నమ్మను?

మా గైడ్ గారు ఆ ప్రశ్న తీసెయ్యమంటున్నారు. తీసేస్తే నా పనిలో సగం పోయినట్టే. సర్వేలు చేసినవాళ్ళు, గల్ఫ్‌లో ఉండి వచ్చినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.


సర్వే_అక్క (విజయనగరం)

చెల్లెమ్మా, నేను రకరకాల సర్వేలకి ఇంటింటికీ తిరిగిన మనిషిని, పదిహేనేళ్ళ పైమాటే. ప్రశ్న సంగతి తరవాత. ముందు ఇవి చెప్పు. అడిగేటప్పుడు చేతిలో ట్యాబ్ ఉందా? మెడలో ఐడీ కార్డు ఉందా? చుట్టూ ఎంతమంది నిలబడ్డారు?

ట్యాబ్ కనపడితే నువ్వు గవర్నమెంటే. "మనిషి ఊళ్ళో లేడు" అని రాసుకుపోతే రేషన్ కార్డులో పేరు తీసేస్తారని భయం. చెన్నైలో తాపీ పనికి వెళ్ళినవాడి ఇంట్లో కూడా "ఇక్కడే ఉన్నాడు, బజారుకెళ్ళాడు" అంటారు. కాగితాలన్నీ ఉన్నవాళ్ళే దాస్తుంటే, లేనివాళ్ళు చెప్తారా?

ఇంకోటి. నువ్వు ఆ ఊరి పిల్లవి కావడం మంచిదనుకుంటున్నావేమో. ఈ ఒక్క ప్రశ్నకి మాత్రం అదే అడ్డం. వాళ్ళ భయం పోలీసుకంటే ఊరంటేనే ఎక్కువ. కాగితాల్లేని కుర్రాడికి పిల్లనెవరిస్తారు? అప్పిచ్చినవాడు ఊరుకుంటాడా? అది మీ అమ్మ చెవిన పడుతుందని వాళ్ళకి తెలుసు. ఆ ప్రశ్న వరకైనా చీపురుపల్లి వైపు నుంచో నెల్లిమర్ల నుంచో వేరే అమ్మాయిని పంపు.


ఉద్దానం_అమ్మాయి

అక్కా, ట్యాబ్ ఉంది, ఐడీ కార్డు ఉంది, ప్రతి ఇంటి దగ్గరా కనీసం నలుగురు ఉన్నారు. మూడూ తప్పే అన్నమాట. ఒక ఇంట్లో అయితే పక్కింటాయనే జవాబు చెప్పాడు.


కువైట్_రిటర్న్ (ఇచ్ఛాపురం)

అమ్మా, మీ ప్రశ్నే సరిగ్గా లేదు. ఏమీ అనుకోకండి. "కాగితాలు సరిగ్గా ఉన్నాయా" అంటే మేమే చెప్పలేం.

ఒకడు కంపెనీ వీసా మీద వెళ్తాడు, అకామా (అక్కడ ఉండడానికి ఇచ్చే అనుమతి కార్డు) ఉంటుంది, జీతం రాదు. బయటికొచ్చి వేరేచోట పని చేస్తాడు. కఫీల్, అంటే వీసా ఇచ్చిన యజమాని, "పారిపోయాడు" అని కేసు పెడతాడు. చేతిలో అకామా ఉంది, గడువు కూడా ఉంది, అయినా వాడు దొంగే. ఇంకొకడు ఖాదిం వీసా మీద, అంటే ఇంటి పని వీసా మీద వెళ్ళి బయట పెయింటింగ్ చేస్తాడు. ఆజాద్ వీసా అని, పేరుకి ఒక కఫీల్, పని ఎక్కడైనా చేసుకోవచ్చంటే డబ్బులు పోసి కొనుక్కున్నవాడు ఒకడు. విజిట్ వీసా మీద వెళ్ళి గడువైపోయినా ఉండిపోయినవాడు ఒకడు. మేం అందరినీ కలిపి ఖల్లివెల్లి అనేస్తాం గానీ ఎవడి కథ వాడిదే.

పదో తరగతి పాసవని వాళ్ళ పాస్‌పోర్టు మీద ఈసీఆర్ ఉంటుంది. గల్ఫ్ దేశాలతో కలిపి 18 దేశాలకి వాళ్ళు పనికి వెళ్ళాలంటే ఎమిగ్రేషన్ క్లియరెన్స్, అంటే మన ప్రభుత్వ అనుమతి, కావాలి. దాన్ని తప్పించడానికే ఏజెంటు విజిట్ వీసా అంటాడు. ఆ ఏజెంటు చాలాసార్లు సొంత బావో, మేనమామో అయ్యుంటాడు. మీరు కుర్రాడి గురించి అడుగుతున్నా, ఇంట్లోవాళ్ళకి అది బావ మీద కంప్లయింట్‌లా వినిపిస్తుంది.

అసలు సంగతి చెప్పనా? నేను 14 నెలలు ఖల్లివెల్లిగా ఉన్నాను. మా నాన్నకి చెప్పలేదు. 2018 మొదట్లో కువైట్ ఆమ్నెస్టీ ఇచ్చినప్పుడు ఔట్‌పాస్ మీద, అంటే తిరిగి రావడానికి మాత్రమే ఇచ్చే కాగితం మీద, ఇంటికొచ్చాను. అప్పటిదాకా మీరు మా ఇంటికొచ్చి అడిగినా "బాగానే ఉన్నాయమ్మా" అనేవాడు, నిజమనుకునే. అది అబద్ధం కాదు. ఆయనకి తెలిసింది అంతే.


ఉద్దానం_అమ్మాయి

అన్నా, ఇది నాకు తట్టనే లేదు. "తెలియదు" అనే గడి మా ఫారంలో లేదు.


లెక్కల_మాస్టారు (బొబ్బిలి)

మనిషి నిజం చెప్పేటట్టూ, ఆ నిజం ఎవరిదో అడిగినవాడికి కూడా తెలియనట్టూ చెయ్యడం గణాంకశాస్త్రంలో పాత విద్యే. 1965లో స్టాన్లీ వార్నర్ అనే ఆయన మొదలుపెట్టాడు. రాండమైజ్డ్ రెస్పాన్స్ అంటారు. మన దేశంలో కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో అరిజిత్ చౌధురి గారు దీని మీద చాలా పని చేశారు.

వార్నర్ పద్ధతి కాదు గానీ, దాని పిల్ల ఒకటి సులువుగా ఉంటుంది. గుడ్డ సంచిలో ఆరు చింతపిక్కలు వెయ్యండి. నాలుగు మామూలువి, ఒకదానికి తెల్ల చుక్క, ఒకదానికి ఎర్ర చుక్క. ఇంటావిడ సంచిలో చెయ్యి పెట్టి ఒకటి తీసి, తనొక్కతే చూసుకుని మళ్ళీ సంచిలో వేసేస్తుంది. మామూలు పిక్క వస్తే "మీవాడికి సరైన కాగితాల్లేవా?" అన్న ప్రశ్నకి నిజం చెప్పాలి. తెల్ల చుక్క వస్తే ఏమైనా సరే "అవును" అనాలి. ఎర్ర చుక్క వస్తే "కాదు" అనాలి. ఆవిడ "అవును" అంటే కొడుక్కి కాగితాల్లేకనా, తెల్ల చుక్క వచ్చా, మీకు తెలియదు. దేవుడికి తప్ప ఎవరికీ తెలియదు.

ఇప్పుడు లెక్క. మీ 240 ఇళ్ళలో 70 మంది "అవును" అన్నారనుకుందాం. ఆరో వంతు, అంటే సుమారు 40 మంది, తెల్ల చుక్క వల్ల అన్నారు. ఇంకో 40 మంది ఎర్ర చుక్క వల్ల "కాదు" అన్నారు. మిగిలినవి 160 ఇళ్ళు, వాటిలో నిజంగా "అవును" అన్నవి 30. అంటే 18.75 శాతం. ఇల్లు తెలియదు గానీ ఊరి లెక్క తెలిసింది.


నాగావళి (శ్రీకాకుళం)

మాస్టారూ, మా అమ్మమ్మ చేతికి చింతపిక్కలిస్తే సర్వే వదిలేసి అష్టాచెమ్మా గీస్తుంది.

సంచీ, చుక్కలూ ఎందుకు, గవ్వ వెయ్యమనొచ్చుగా? వెల్లకిలా పడితే నిజం, బోర్లా పడితే "అవును".


లెక్కల_మాస్టారు

గవ్వ వద్దు. రూపాయి బిళ్ళ అయితే సగం సగం అనుకోవచ్చు. గవ్వ అలా పడదు, దాని ఆకారం వేరు. ఒక్కో గవ్వ ఒక్కోలా పడుతుంది. ఎన్నింట ఎన్నిసార్లు వెల్లకిలా పడుతుందో ముందే తెలియకపోతే మొత్తం లెక్క గాలికిపోతుంది. పిక్కలైతే లెక్కపెట్టి వేస్తాం కాబట్టి ఆ బాధ లేదు.


బెంగుళూరు_బొబ్బిలి

చేతిలో వస్తువేమీ లేకుండా కూడా చేస్తారు కదా మాస్టారూ, పుట్టిన నెలతో. "మీ అమ్మగారు జనవరి, ఫిబ్రవరి, మార్చిలో పుట్టారా" అనేదీ, అసలు ప్రశ్నా పక్కపక్కన పెట్టి, రెండింటికీ ఒకే జవాబా, వేరు వేరు జవాబులా అని మాత్రం అడుగుతారు. క్రాస్‌వైజ్ మోడల్ అంటారు. మా ఆఫీసులో ఒక సర్వేకి వాడాం.


సర్వే_అక్క

బాబూ, బెంగుళూరులో సరే. ఇక్కడ మా అమ్మ ఆధార్‌లో జనవరి 1, మా అత్త ఆధార్‌లో జనవరి 1, పక్కింటి మామ్మది కూడా జనవరి 1. ఎప్పుడు పుట్టావంటే "పెద్ద గాలివాన వచ్చిన ఏడు" అంటారు. ఒకే ఊళ్ళో ముసలివాళ్ళంతా జనవరిలో పుడితే మీ మోడల్ ఏమవుతుందో మీరే చూసుకోండి.


బెంగుళూరు_బొబ్బిలి

ఒప్పుకున్నాను అక్కా.

అయితే ఇంకోటుంది. లిస్టు పద్ధతి. ఇళ్ళని చీటీలేసి రెండు గుంపులు చెయ్యండి. మొదటి గుంపుకి మామూలు సంగతులు నాలుగు చదవండి: ఇంట్లో డ్వాక్రా అప్పు ఉంది, ఈ ఏడాది జీడితోట కౌలుకిచ్చాం, ఇంట్లో ఎవరైనా కాశీ వెళ్ళొచ్చారు, తిత్లీ తుఫానుకి కొబ్బరిచెట్లు పడిపోయాయి. వీటిలో మీ ఇంటికి ఎన్ని వర్తిస్తాయో అంకె మాత్రం చెప్పమనండి. రెండో గుంపుకి ఆ నాలుగూ, ఐదోదిగా "గల్ఫ్‌లో ఉన్న మావాడికి సరైన కాగితాల్లేవు" అన్నదీ చదవండి. మొదటి గుంపు సగటు 1.90, రెండోది 2.05 వచ్చిందనుకోండి. తేడా 0.15, అంటే 15 శాతం ఇళ్ళు. ఏది వర్తిస్తుందో ఎవరూ నోరు విప్పి చెప్పక్కర్లేదు.


ఉద్దానం_అమ్మాయి

బాగుంది గానీ, తిత్లీ మాత్రం తీసెయ్యండి. 2018 అక్టోబరులో మా వైపు చెట్టు పడని ఇల్లు వెతకాలి. డ్వాక్రా అప్పు కూడా దాదాపు అందరికీ ఉంది.


లెక్కల_మాస్టారు

సరిగ్గా పట్టుకున్నావమ్మా. అందరికీ వర్తించే సంగతులు పెడితే నాలుగుకి నాలుగూ ఉన్న ఇల్లు "ఐదు" అనాల్సి వస్తుంది. ఐదు అన్నావంటే దొరికిపోయినట్టే. అది తెలిసిన మనిషి "నాలుగు" అనేస్తుంది. అందుకే ఒకటి ఉన్నవాళ్ళకి సాధారణంగా ఇంకొకటి ఉండనటువంటివి ఏరుకోవాలి. చెప్పినంత తేలిక కాదది.


పైడిభీమవరం_కుర్రాడు

చాలా సేపట్నుంచి చదువుతున్నాను. ఒక్కటి అడగనా? అసలు ఎందుకు లెక్కెయ్యాలి? వాడెవడో కష్టపడి సంపాదించుకుంటున్నాడు. ఇంట్లోవాళ్ళు దాచుకున్నారు. మీ డిగ్రీ కోసం వాళ్ళని టెన్షన్ పెట్టడం ఎందుకు? ఈ లెక్క రేపు ఎవరి చేతిలో పడుతుందో మీకేం తెలుసు?


రిటైర్డ్_గణాంకం (శ్రీకాకుళం)

కుర్రాడి ప్రశ్న కోపంగా ఉన్నా మంచి ప్రశ్న. రెండు వైపులా చెప్తాను.

2014 జూన్ 28న చెన్నై మౌలివాక్కంలో కడుతున్న 11 అంతస్తుల భవనం కూలి 61 మంది పోయారు. అందులో చాలామంది మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల కూలీలే. అంతర్‌రాష్ట్ర వలస కార్మికుల చట్టం, 1979ది, అప్పటికి అమల్లో ఉంది. కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, ఎవరిని ఎక్కడికి తీసుకెళ్తున్నాడో రిజిస్టరు ఉండాలి అని అందులో ఉండేది. కానీ ఏ ఊరివాళ్ళు ఎంతమంది లోపలున్నారో చెప్పే కాగితం సమయానికి చేతికి రాలేదు. ఇళ్ళల్లోవాళ్ళు ఫోన్లు పట్టుకుని కూర్చున్నారు. 2018 నవంబరులో గుజరాత్ తీరంలో వేటకెళ్ళిన మన మత్స్యకారుల్ని పాకిస్తాన్ పట్టుకుంది. 20 మంది 2020 జనవరిలో వాఘా దగ్గర విడుదలయ్యారు. గుజరాత్‌లోని వీరావళ్ రేవుకి మన తీరం నుంచి ఏటా ఎందరు వెళ్తున్నారన్నది అప్పుడే అందరికీ కావలసి వచ్చింది. లెక్కలేని మనిషిని వెతకడం కష్టం బాబూ.

ఇక రెండో వైపు. అమెరికాలో 1942లో జపాన్ మూలాలున్నవాళ్ళని ఇళ్ళల్లోంచి ఖాళీ చేయించి క్యాంపులకి పంపారు. అప్పుడు వాళ్ళు ఏ వీధుల్లో ఎంతమంది ఉన్నారో పట్టికలు చేసిచ్చింది అక్కడి సెన్సస్ శాఖే. మనిషి పేరు ఇవ్వక్కర్లేదు, చిన్న ప్రాంతానికి ఒక పట్టిక ఇస్తే చాలు. మీరు థీసిస్‌లో ఊరి పేరు వేసి "ఈ ఊళ్ళో 9 ఇళ్ళు" అని రాస్తే అదే పని చేసినట్టు. ఆ ఊళ్ళో ఆ 9 ఇళ్ళేవో చెప్పడానికి టీ కొట్టు చాలు.

చట్టం సంగతి కూడా తెలుసుకోండి. జనగణనకి 1948 చట్టం ఉంది. అందులో 15వ సెక్షన్ ప్రకారం ఆ రికార్డుని ఎవరూ చూడ్డానికి లేదు, కోర్టులో సాక్ష్యంగానూ పనికిరాదు. మీ థీసిస్ సర్వేకి ఆ రక్షణ లేదు. పోలీసు వచ్చి ఫారాలు అడిగితే మీరేం చెప్తారు? ఇవ్వడానికి మీ దగ్గర ఏమీ లేకుండా చూసుకోవడమే దారి. పేరు, ఫోన్ నెంబరు, ఇంటి జీపీఎస్ పాయింటు ఈ ప్రశ్న ఉన్న ఫారంలో ఉండకూడదు. ట్యాబ్ తనంతట తనే లొకేషన్ రాసుకుంటుంది, అది ఆపారా?


ఉద్దానం_అమ్మాయి

ఆపలేదు సార్. ఇప్పుడే చూశాను. 20 ఇళ్ళవీ పాయింట్లు ఉన్నాయి. తీసేస్తున్నాను.


సాలూరు_సంత

కొంచెం పక్కకి వెళ్తున్నాను, మన్నించండి. మా వైపు కొఠియా గ్రామాల్లో దీనికి తిరగబడ్డ కథ. అది ఆంధ్రాదా ఒడిశాదా అని రెండు రాష్ట్రాల మధ్య ఎన్నో ఏళ్ళుగా గొడవ. 21 ఊళ్ళు. చాలా ఇళ్ళల్లో రెండు రాష్ట్రాల కార్డులూ ఉన్నాయి. "మీరు ఏ రాష్ట్రం" అని అడిగితే, ముందు నువ్వు ఎటునుంచి వచ్చావో చూసి చెప్తారు. జీపు సాలూరు నుంచి వస్తే ఒక జవాబు, ఒడిశా వైపు పొట్టంగి నుంచి వస్తే ఇంకో జవాబు. ఎవరిదీ అబద్ధం కాదు. అక్కగారు ట్యాబ్ గురించి అన్నది చదివి నవ్వుకున్నాను.


డాలస్_విజినగరం

ఊరు వదిలి 18 ఏళ్ళయింది, కోట దగ్గర మా ఇల్లు. ఇక్కడ మన తెలుగువాళ్ళం పదిమంది కలిస్తే మొదటి ప్రశ్న "స్టేటస్ ఏంటి" అనే. రెండో ప్రశ్న వేసేసరికి ఎవరో ఒకరు ప్లేటు పట్టుకుని పక్కకి జరుగుతారు. కాబట్టి దాచుకోవడం ఉద్దానంవాళ్ళ సొత్తు కాదు.

ఈ దేశంలో ప్రతి చర్చలోనూ కాగితాల్లేనివాళ్ళు సుమారు కోటి పది లక్షలు అని చాలా ఏళ్ళు వినిపిస్తూ వచ్చింది. ఆ అంకె ఎవరినీ అడిగి తెచ్చింది కాదు. విదేశాల్లో పుట్టి ఇక్కడ ఉన్నవాళ్ళు సర్వేల్లో ఎంతమంది తేలారో చూసి, అందులోంచి చట్టప్రకారం వచ్చినవాళ్ళ లెక్క తీసేస్తారు. మిగిలింది వీళ్ళు. నేరుగా అడగడం ఎంత గొడవో 2020 సెన్సస్‌లో చూశాం. "నువ్వు పౌరుడివేనా" అన్న ఒక్క ప్రశ్న చేర్చబోతే, వలసవాళ్ళు సెన్సస్‌కే తలుపు తియ్యరని కేసులు పడ్డాయి. 2019 జూన్‌లో సుప్రీంకోర్టు ఆపింది.

మీకు పనికొచ్చే పద్ధతి మాత్రం ఇంకొకటి ఉంది. జుడిత్ డ్రోయిట్‌కోర్ అనే ఆవిడ ఇక్కడి ప్రభుత్వ ఆడిట్ సంస్థ జీఏఓలో ఉండి, సరిగ్గా ఇదే ప్రశ్న కోసం తయారుచేసింది. పిక్కలు లేవు, బిళ్ళలు లేవు, కార్డు ఒకటే. కార్డు మీద మూడు పెట్టెలు. కొన్ని పెట్టెల్లో రకరకాల స్టేటస్‌లు కలిపి ఉంటాయి. "మీది ఏ పెట్టెలో ఉందో చూపించండి, ఏదన్నది చెప్పొద్దు" అంటారు. కాగితాల్లేకపోవడం అనేది చట్టబద్ధమైన వాటితో కలిసి ఒకే పెట్టెలో ఉంటుంది. సగంమందికి ఒక కార్డు, మిగతా సగానికి రకాల్ని అటూ ఇటూ మార్చిన రెండో కార్డు. రెండింటినీ తీసివేస్తే కావలసింది మిగులుతుంది. ఏ ఒక్క మనిషి గురించీ ఎవరికీ తెలియదు.


లెక్కల_మాస్టారు

ఇది బాగుంది. మన గల్ఫ్‌కి ఇలా మార్చొచ్చు. కువైట్ బాబు చెప్పిన రకాలే తీసుకున్నాను.

మొదటి కార్డు. మామిడి పెట్టెలో కంపెనీ వీసా. పనస పెట్టెలో ఖాదిం వీసా, గడువున్న విజిట్ వీసా, గడువు తీరినవాళ్ళు లేదా కఫీల్‌ని వదిలేసినవాళ్ళు. జీడి పెట్టెలో మిగతావన్నీ, "మాకు తెలియదు" కూడా.

రెండో కార్డు. మామిడి పెట్టెలో ఖాదిం వీసా, గడువున్న విజిట్ వీసా. పనస పెట్టెలో కంపెనీ వీసా, గడువు తీరినవాళ్ళు లేదా కఫీల్‌ని వదిలేసినవాళ్ళు. జీడి పెట్టె మారదు.

మొదటి కార్డు చూసిన 120 ఇళ్ళలో 54 పనస చూపించాయనుకుందాం, 45 శాతం. రెండో కార్డు చూసిన 120లో 36 మామిడి చూపించాయి, 30 శాతం. మొదటి పనసలోంచి రెండో మామిడి తీసేస్తే ఖాదిం, విజిట్ రెండూ పోయి, మిగిలింది 15 శాతం. ఎవరికి ఏ కార్డో చీటీ తీసి ఇవ్వాలి, మనిషిని చూసి కాదు. అక్కడ తేడా వస్తే తీసివేతకి అర్థమే లేదు.

ఒక చేదు మాట కూడా చెప్పాలి. ఈ 15 అనేది గట్టి 15 కాదు. 240 ఇళ్ళతో నిజం 3కీ 27కీ మధ్య ఎక్కడైనా ఉండొచ్చు. పిక్కల పద్ధతిలో 18.75 కూడా 10 నుంచి 27 దాకా ఊగుతుంది. నేరుగా అడిగినంత కచ్చితంగా రావాలంటే పిక్కలకే మూడు రెట్లు ఇళ్ళు కావాలి. రహస్యం కాపాడితే దానికి ఇళ్ళ సంఖ్యలో వడ్డీ కట్టాలి.


ఉద్దానం_అమ్మాయి

మూడు రెట్లు అంటే 720 ఇళ్ళు. నా స్కూటీ పెట్రోలుకే స్కాలర్‌షిప్ చాలదు మాస్టారూ.


కువైట్_రిటర్న్

ఇంత తిప్పలు ఎందుకమ్మా. నేనొక ప్రశ్న చెప్తాను, సూటిగా దొరుకుతుంది. కాగితాలున్నవాడు రెండేళ్ళకో మూడేళ్ళకో సెలవు మీద వస్తాడు. లేనివాడు రాలేడు. వస్తే పట్టుకుని పంపించేస్తారు, మళ్ళీ వెళ్ళలేడు. కాబట్టి కాగితాల మాటే ఎత్తొద్దు. "ఈ ఐదేళ్ళలో ఇంట్లో ఎవరైనా పోయారా? పెద్దకర్మకి వచ్చాడా?" అని అడగండి.

మా అమ్మ పోయినప్పుడు నేను రాలేదు. వీడియో కాల్‌లో చూశాను. మా తమ్ముడు తలకొరివి పెట్టాడు. పెద్దవాడు ఎందుకు రాలేదో ఊళ్ళో ఎవరూ అడగలేదు. అందరికీ అర్థమైపోయింది.


నాగావళి

అన్నా... ఏం చెప్పాలో తెలియట్లేదు.


బెంగుళూరు_బొబ్బిలి

ప్రశ్నగా చూస్తే ఇదే అన్నిటికంటే గట్టిది. ఇంటావిడ దాచాలని కూడా అనుకోదు.


రిటైర్డ్_గణాంకం

గట్టిదే. అందుకే వద్దంటున్నాను. పిక్కల్లో, కార్డులో అడిగినవాడికి కూడా తెలియదు. ఇందులో ఫారం చదివిన ప్రతివాడికీ తెలిసిపోతుంది. పైగా ఆ ఇంటివాళ్ళకి తాము ఏం చెప్పామో తెలియదు. చావు గురించి చెప్పామనుకుంటారు, మనం వీసా గురించి రాసుకుంటాం. తెలిసి దాచుకునే హక్కు కూడా వాళ్ళకి లేకుండా చేస్తున్నాం.


సర్వే_అక్క

నేను మొదట అదిరిపోయే ప్రశ్న అనుకున్నాను. సార్ చెప్పాక మళ్ళీ చదివాను. నాకూ వద్దనే అనిపిస్తోంది. ఆ బాబుకి కోపం వద్దు.


కువైట్_రిటర్న్

కోపం ఏముందక్కా. సార్ చెప్పింది నిజమే. మా నాన్నని ఎవరైనా అలా అడిగి రాసుకుపోతే నాకు ఎలా ఉండేదా అని ఆలోచించాను.


ఉద్దానం_అమ్మాయి

మీ మాట ఫారంలో పెట్టను అన్నా. కానీ ఈ ప్రశ్న ఎందుకు వదిలేశానో పేర్లు లేకుండా థీసిస్‌లో రాయొచ్చా?


కువైట్_రిటర్న్

రాసుకోండి.


ఉద్దానం_అమ్మాయి

(మూడు వారాల తరవాత)

పిక్కలూ, కార్డులూ రెండూ ట్రై చేసి వచ్చాం. ట్యాబ్ ఇంట్లో పెట్టేశాను, కాగితం మీదే రాశాం. నా బదులు గరివిడి నుంచి వచ్చిన నా క్లాస్‌మేట్ అడిగింది. నేను వీధి చివర చెట్టు కింద కూర్చున్నాను.

పిక్కలు మూడో ఇంటికే ఆగిపోయాయి. ఇంటావిడ పిక్క తీసి చూసుకుంది, మొహం మారిపోయింది. తెల్ల చుక్క వచ్చినట్టుంది. "నా కొడుక్కి కాగితాల్లేవని నా నోటితో నేనెందుకంటానమ్మా? తథాస్తు దేవతలు తిరుగుతుంటారు" అని సంచి తిరిగిచ్చేసింది. నిజం కాదు, ఆట లాంటిదే అని మా అమ్మాయి ఎంత చెప్పినా వినలేదు. తరవాతి ఇళ్ళలోనూ తెల్ల చుక్క వచ్చినవాళ్ళు "కాదు" అనే అన్నారని నా అనుమానం. ఎందుకంటే పది ఇళ్ళలో ఒక్క "అవును" కూడా రాలేదు.


లెక్కల_మాస్టారు

ముప్పై ఏళ్ళు పాఠం చెప్పాను. తథాస్తు దేవతలు నా ఫార్ములాలో లేరు. మనిషిని అశుభం పలకమనే పద్ధతి ఇక్కడ నడవదు, ఇంక దాని జోలికెళ్ళొద్దు. కార్డులు ఏమయ్యాయి?


ఉద్దానం_అమ్మాయి

కార్డులు నడిచాయి మాస్టారూ. నోటితో ఏమీ అనక్కర్లేదు కదా, వేలు పెడితే చాలు. మొదట పసుపు, నీలం, తెలుపు పెట్టెలు ప్రింటు వేయిద్దామనుకున్నాను. సర్వే అక్క ఫోన్ చేసి తిట్టింది, పార్టీ సర్వే అనుకుంటారని. అందుకే మాస్టారి మామిడి, పనస, జీడి బొమ్మలే వేశాం, అన్నీ ఒకే నలుపు గీతలో.

ముందు కార్డుని మా అమ్మాయి తన మీదే చూపించింది: "చూడండి, మా అన్న ఈ పనస పెట్టెలో ఉన్నాడు. ఏ వీసానో మీకు తెలిసిందా?" ఇద్దరు ముగ్గురు బాగా ఆలోచించి తెలియలేదన్నారు. అప్పుడు నవ్వారు. ఆ నవ్వు వచ్చిన ఇళ్ళలోనే వేలు త్వరగా కదిలింది.

గైడ్ గారితో మాట్లాడాను. 240 ఇళ్ళకే ఉంచి, ఊళ్ళ వారీగా కాకుండా మండలాలన్నీ కలిపి ఒకే అంచనా, దాని ఊగులాట ఎంతో కూడా రాస్తాను. "తెలియదు" జీడి పెట్టెలోకి పోయింది కాబట్టి అది కింది అంచనా అని కూడా.

ఇంకొకటి చెప్పాలి. ఒక ముసలామె కార్డు మీద పనస పెట్టె చూపించి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, మొత్తం కథంతా చెప్పేసింది. ఏ ఊళ్ళో ఉన్నాడు, కఫీల్ ఏం చేశాడు, ఏజెంట్ ఎవరు, అన్నీ. మా అమ్మాయి గంట కూర్చుంది.


సర్వే_అక్క

ఏం రాసుకుంది?


ఉద్దానం_అమ్మాయి

రెండో కార్డు, పనస. అంతే అక్కా.


పైడిభీమవరం_కుర్రాడు

ఆవిడకి సాయం చెయ్యడానికి ఏమైనా ఉందా?


రిటైర్డ్_గణాంకం

ఉంది. అది సర్వే పని కాదు, కాబట్టి ఫారంతో కలపొద్దు. విదేశాల్లో ఉన్న మన ఆంధ్రావాళ్ళ కోసం ఉన్న ఏపీఎన్ఆర్‌టీ సంస్థ హెల్ప్‌లైన్ నెంబరూ, రాయబార కార్యాలయానికి రాసే పద్ధతీ ఒక కాగితం మీద అచ్చు వేయించి ప్రతి ఇంట్లోనూ ఇవ్వండి. అవసరం ఉన్న ఇంటికే ఇస్తే అది కూడా ఒక గుర్తే. 240 ఇళ్ళకీ ఇవ్వాలి.


ఉద్దానం_అమ్మాయి

అలాగే సార్. కార్డు ఫొటో పైన పెట్టాను, తప్పులుంటే చెప్పండి. సోమవారం ప్రింటుకి ఇస్తున్నాను.


కువైట్_రిటర్న్

చూశాను. ఖాదిం వీసాకి ఇంటి డ్రైవర్లని గుర్తుచేసే స్టీరింగ్ బొమ్మ ఒక్కటే వేశారు. వంటపనికీ, పిల్లల్ని చూసుకోడానికీ వెళ్ళిన ఆడవాళ్ళు కూడా అదే వీసా. వాళ్ళ ఇంట్లోవాళ్ళు స్టీరింగ్ చూసి "మాది కాదు" అని జీడి పెట్టెలో వేలు పెట్టేస్తారు. పక్కన గరిటె బొమ్మ వెయ్యండి.


ఉద్దానం_అమ్మాయి

అయ్యో, నిజమే అన్నా. గరిటె వేయిస్తాను.